పది నిమిషాల చీకటి

ఆ శనివారం ఉదయం లైట్ల దుకాణం యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి ఎనిమిదింటికి కూతురిని డాబా ఎక్కించి నక్షత్రాలు చూపించాలి. అంతే.

ముందురోజు భోజనాల దగ్గర ఆయన పరువు పోయింది. చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే ఆకాశంలో ఇసుక వేస్తే రాలనన్ని చుక్కలుండేవని చెప్పుకొచ్చాడు. ఎనిమిదేళ్ల కూతురు వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"పులిని తరిమానన్నావు, అబద్ధం. ఏరు ఈదానన్నావు, నీకు ఈతే రాదని అమ్మ చెప్పింది. ఇప్పుడు చుక్కలా? మన ఆకాశంలో ఉన్నవి రెండే నాన్నా. అందులో ఒకటి విమానం."

పులీ, ఏరూ పోతే పోయాయి. చుక్కలు మాత్రం నిజం. ఉన్న ఒక్క నిజమూ కోతల్లో కలిసిపోతుంటే తండ్రి మనసు చివుక్కుమంది.

చిక్కేమిటంటే, ఆ వీధిలో చీకటనేది లేకుండా చేసింది ఆయనే. దర్జీ కొట్టు బోర్డు చుట్టూ దీపాల దండలు, పళ్ల డాక్టరు గోడ మీద ఫ్లడ్‌లైటు, గేటు గేటుకీ గుండ్రటి దీపాలు, అన్నీ ఆయన అమ్మినవే. వాటి వెలుగు సగం నేల మీద పడితే సగం ఆకాశానికి పోతుంది. ఆ ముక్క బయటికి చెబితే వ్యాపారానికే ఎసరు. అందుకని భార్యను దుకాణంలో కూర్చోబెట్టి, ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకోవడానికి బయలుదేరాడు.

"ఏమండీ, ఇవాళ ఎనిమిదింటికి ఓ పది నిమిషాలు లైట్లు ఆర్పేస్తారా?"

"ఎందుకూ?" అన్నాడు దర్జీ, నోట్లో గుండుసూదులతోనే.

"కారణం అడక్కండి. పుణ్యముంటుంది, ఆర్పేయండి."

ఆయన అటు వెళ్లగానే దర్జీ సూదులు తీసి పక్కన పెట్టాడు. లైట్లు అమ్మేవాడే ఆర్పమంటున్నాడంటే ఎవరో పీక మీద కత్తి పెట్టి ఉండాలి. పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"దొంగలండీ! పాపం, ఆయన్ని బెదిరించి వీధంతా చీకటి చేయిస్తున్నారు!"

"ఇందాక నా దగ్గరికీ వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు," అన్నాడు డాక్టరు. "వాళ్లావిడకి మాత్రం చెప్పకండి, హడలిపోతుంది."

కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు ఇదంతా విన్నాడు. ఆ నోరు ఖాళీ అయిన కాసేపటికే వార్త పక్క వీధికి చేరింది. మధ్యాహ్నానికి దొంగలు ముఠా అయ్యారు. సాయంత్రానికి లారీ వేసుకుని వస్తున్నారు.

చీకటి పడే వేళకి కాళ్లు పీక్కుపోతూ దుకాణానికి వచ్చిన యజమాని గుమ్మంలోనే ఆగిపోయాడు. అరలన్నీ ఖాళీ.

"ఏమైంది సరుకంతా?"

"పొద్దుటినుంచి ఒకటే బేరం! ఫ్లడ్‌లైట్లు జతలు జతలుగా పట్టుకుపోయారు," అంది భార్య మురిసిపోతూ. "మీరు బయట తిరిగితేనే దుకాణం బాగుందండీ."

ఆయనకి ఎక్కడో తేడా కొట్టింది గానీ ఆలోచించే తీరిక లేదు. కూతురి చెయ్యి పట్టుకుని డాబా ఎక్కాడు.

ఎనిమిదయింది. ఒక్క దీపమూ ఆరలేదు సరికదా, కొత్తవన్నీ ఒక్కొక్కటే వెలిగాయి. చూస్తుండగానే వీధి పట్టపగలైంది. తెల్లారిందనుకుని కాకి కూడా అరిచింది.

"నాన్నా, ఉన్న రెండూ పోయాయి," అంది కూతురు.

ఆయన పిట్టగోడ మీద నుంచి వంగి కేకలు పెట్టాడు. "ఆర్పండి! మీకు దణ్ణం పెడతాను, ఆర్పండి బాబూ!"

"భయపడకండి, మేమున్నాం!" అని కింద నుంచి దర్జీ అరిచాడు. "డాక్టరుగారూ, ఆ రెండోది కూడా వెయ్యండి!"

డాక్టరు వేశాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది.

వీధి ఆరిపోయింది. పక్క వీధీ, దాని అవతలిదీ ఆరిపోయాయి. కాసేపటికి కళ్లు అలవాటుపడ్డాయి. ముందు పెద్ద చుక్కలు కనిపించాయి, తర్వాత వాటి మధ్య చిన్నవి, ఆ చిన్నవాటి మధ్య ఇంకా చిన్నవి. తను కూడా వాటిని మరిచిపోయాడని తండ్రికి అప్పుడు తెలిసింది.

"ఇన్నా!" అంది కూతురు, ఊపిరి బిగబట్టి.

కింద గగ్గోలు మొదలైంది. "ఎవరి పనిది?" "ఇంకెవరు, లైట్లాయన! అన్నీ ఆయన అంటగట్టినవే! మొత్తం చీకటి చేసిపెట్టాడు!"

కూతురు ఆయన చొక్కా పట్టుకుంది. "నువ్వే చేశావా? నా కోసమా?"

"అవునమ్మా, నేనే," అన్నాడాయన. ఆయన మాటకి వీధి వీధంతా సాక్ష్యం చెప్పడం అదే మొదలు.

"అయితే పులి కూడా నిజమేనా?"

ఆయన పులి విషయం దాటేసి, కిందికి దిగడానికి టార్చి తెమ్మని భార్యను కేకేశాడు.

"ఎక్కడిదండీ," అని చీకట్లోంచి జవాబొచ్చింది, "ఆఖరి బేరానికి అదీ ఇచ్చేశాను."