నిర్మాతగారి పండ్లాట

ఫోన్లో ఆడే చిల్లర ఆటల్ని తిట్టేవాళ్లు తెలుగు సినిమాకు శత్రువులు! ఆలోచించే అంటున్నాం. ఫిల్మ్‌నగర్‌లో ఈ రోజు ఒక కథను ఎవరూ అడ్డు తగలకుండా చెప్పగలుగుతున్నారంటే, అది ఆ రంగురంగుల పండ్లు జతచేసే ఆట పుణ్యమే.

కారవాన్‌లో హీరో ఆడతాడు, మేకప్ కుర్చీలో హీరోయిన్ ఆడుతుంది, షాట్ రెడీ అని పిలవాల్సినవాడు కూడా ఆడతాడు. సెట్లో గొడవల్లేవు. ఇంత శాంతి ఎప్పుడైనా చూశామా?

వెనకటి నిర్మాతలు కథ వినేవారు. అదే ప్రమాదం! వింటే సలహా వస్తుంది. మొదటి సీన్లో ఫైటు, రెండో సీన్లో బావమరిదికి వేషం. వినకపోతే ఆ బెడదేదీ?

భావననే చూడండి. కృష్ణానగర్‌లో చిన్న అద్దెగది, రెండేళ్లుగా రాసుకున్న ఒక్క కథ, ఆమె ఆస్తి అంతే. వరదలో తప్పిపోయిన చెల్లెలి కోసం లంకలన్నీ గాలించే అక్క కథ అది. నిర్మాత త్రినాథరావు గారు ఊఁ అంటే సినిమా. లేకపోతే ఊరికి బస్సెక్కడమే.

"గిప్పుడే పో చెల్లె," అన్నాడు మేనేజరు భిక్షం, జూబ్లీహిల్స్ ఆఫీసు గది తలుపు తీస్తూ. "సారు గేమ్‌ల ఉన్నడు. గసొంటి టైంల ఎవల్ని తిట్టడు."

"చెప్పమ్మా, వింటున్నా," అన్నారు త్రినాథరావు గారు, ఫోన్లోంచి తలెత్తకుండా.

చెప్పింది. వరద వచ్చింది, ఇల్లు మునిగింది, చెల్లెలు కొట్టుకుపోయింది. ఆయన మూడు అరటిపండ్లను ఒక వరసలోకి తెచ్చారు. ఒక్క సలహా లేదు! బావమరిది ఊసే లేదు! ఏ రచయితకు దక్కుతుంది ఇంత గౌరవం?

ఇంటర్వెల్ దగ్గర ఆయన గట్టిగా నిట్టూర్చారు. కథ తగిలిందనుకుని భావన గొంతు పెంచింది.

"ఈ లెవెల్ వారం నుంచి దాటట్లేదమ్మా. చిన్నదానివి, ఓసారి నువ్వు చూడు."

కాదనగలదా? ఫోను అందుకుంది. ద్రాక్ష, దానిమ్మ, మళ్లీ ద్రాక్ష. తనకు తెలియకుండానే ముందుకు వంగింది.

చేతులు ఖాళీ అయిన త్రినాథరావు గారికి ఏమీ తోచలేదు. కాసేపు ఏసీ వంక చూశారు, కాసేపు గోడమీది షీల్డుల వంక. అప్పుడు, ఎన్నాళ్లకో, ఆయన చెవిలో ఒక కథ కదిలింది.

"అవునూ, ఆ చెల్లెలు బతికే ఉందా?" అని అడిగారు, కుర్చీ ముందుకు జరుపుకుని మరీ.

"ఒక్క నిమిషం సార్," అంది భావన, తలెత్తకుండా. "ఇంక రెండు మూవ్సే ఉన్నాయి."

లెవెల్ దాటింది. ఆయన ఆత్రంగా ఫోను లాక్కున్నారు.

"చెప్పమ్మా, వింటున్నా."