విమానం ఎక్కని వీడ్కోలు పాట

పొద్దున ప్రార్థన, ఇంత ఉప్మా, ఆపైన విమానం, మధ్యాహ్నానికల్లా బెంగళూరు ఆసుపత్రిలో అక్క లీయా మంచం పక్కన కుర్చీ. ఫెబమ్మ అనుకున్నది అంతే. మాపటికి అక్కకు ఆపరేషను. "నీ మొకం చూసినాకనే లోపలికి పోత" అని అక్క మొండికేసింది. ఎవరిని సాగనంపినా అదే ఆఖరిచూపేమోనని వణికే ఫెబమ్మకు ఆ మాటతో రాత్రంతా కునుకు లేదు. ఆటోవాడు తొందరపెట్టడంతో సొంతూరు చిద్రిలో చర్చి సంఘస్తులు వీడ్కోలు పాట కూడా పాడలేదు.

తీరా బీదర్ విమానాశ్రయానికి వస్తే విమానం కదలలేదు. చక్రం దగ్గర ఏదో తేడా, సరిచేస్తున్నామన్నాడు ఉద్యోగి ప్రకాశ్. తోటి ప్రయాణికుడు సంగమేశ్ సేటు అతని మీదికి లేచాడు.

"గాల్లో పోయేదానికి చక్రంతోని ఏం పని?"

"దిగాలె గద సేటూ."

"దిగేటప్పుడు చూస్కుందాం. ముందుగాల లేపుండ్రి!"

హాలంతా చప్పట్లు.

"మంచిగ చెయ్యనియ్యి అన్నా," అంది ఫెబమ్మ.

"నీకేం పనుందమ్మా, మాకున్నయి!" అని కసిరాడు సేటు.

ఆమె బెదిరి తమ్ముడు జాకబ్‌కు ఫోన్ చేసింది. "పాట పాడకుండ పంపితిమి అక్కా, గందుకే ఆగింది. ఇప్పుడు పాడుతం, విను," అన్నాడతను. ఆమెకు చెవులు మందం. స్పీకరు పెట్టింది. చిద్రిలో పదిమంది గొంతెత్తారు. ఫెబమ్మ కొంగు కప్పుకొని కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు కారాయి.

పక్క కుర్చీలోని ప్రయాణికుడు, కుశనూరు ఊరి ఖండప్ప చేతిలో చాయ్ ఆగిపోయింది. "ఈ పాట నాకెరుకే. మా పక్కింటి సాల్మన్‌ను మట్టి చేసిన నాడు గిదే పాడిండ్రు."

నిజమే. వాళ్ళ సంఘంలో ఊరికి పోయేవాళ్ళకూ సమాధికి పోయేవాళ్ళకూ ఒకటే పాట. ఫెబమ్మ కళ్ళు తెరిచేలోపే వార్త హాలంతా తిరిగింది. విమానాశ్రయం లోపలి మనిషెవరో ఈ ముసలమ్మకు చెప్పాడట, అందుకే చావు పాట పాడించుకుంటోందట. చక్రం ఊడిందట. రెక్క కూడా అట.

అంతలో ప్రకాశ్ పరుగున వచ్చాడు. "అయిపోయింది, ఎక్కుండ్రి!"

ఒక్కరూ లేవలేదు.

"ఇంత జల్దీ ఎట్లయితది?" గద్దించాడు సంగమేశ్. "మా పానాలతోని ఆటలా? మళ్ళ చూడుండ్రి!"

ఫెబమ్మ చేతులు జోడించింది. "అన్నా, అది ఉత్త పాటనే. మా అక్క ఎదురుచూస్తుంది. నేనే ముందు ఎక్కుత, రాండ్రి."

"నువ్వు పాడించుకొని ఎక్కుతున్నవమ్మా. మాకెవరు పాడుతరు?"

మళ్ళీ చూశారు. కొత్త లోపమేదీ దొరకలేదు గానీ, పైలట్ పనివేళ అయిపోయింది. అలసిన మనిషి చేత నడిపించకూడదని విమానం రద్దు చేశారు. "మా టైముకు విలువ లేదా?" అని అందరికన్నా ముందు అరిచింది సంగమేశే.

ఎండ దిగే వేళ అక్క కొడుకు స్టాన్లీ ఫోన్ చేశాడు. "అమ్మను లోపలికి తీస్కపోయిండ్రు చిన్నమ్మా. తలుపు కాడి దాంక నీ కోసమే చూసింది. యాడున్నవ్?"

ఫెబమ్మ తల తిప్పి బయటికి చూసింది. అద్దాల అవతల విమానం ఏ లోపమూ లేకుండా, ఖాళీగా నిలబడి ఉంది.