మా టైలర్ మాస్టారి ఇటాలియన్ తారీఖులు

బట్టలు కుట్టే ప్రతివాడూ ఇటాలియన్‌లో తారీఖులు చెప్పడం నేర్చుకుని తీరాలని వెంటనే ఒక చట్టం తేవాలి. నవ్వకండి! ముప్పై నాలుగేళ్ళు ఆఫీసుకొచ్చే ఉత్తరాల మీద తారీఖు ముద్ర కొట్టినవాణ్ణి నేను. తారీఖు విలువ నాకు తెలిసినంత మీకు తెలుసా?

మా వీధి చివరి టైలర్ మాస్టారికి ఈ విద్య ఫోన్‌లోని ఒక యాప్ వల్ల అబ్బింది. మెడలో టేపు, చెవిలో ఇయర్‌ఫోను. మిషన్ తొక్కుతూ "లూల్యో, అగోస్తో" అని నెలల పేర్లు వల్లె వేస్తుంటాడు. సూట్లు కుట్టడంలో ఆ దేశం వాళ్ళదే పైచేయి కాబట్టి, తారీఖు కూడా వాళ్ళ భాషలో చెబితేనే కోటుకు ఫిట్టింగ్ కుదురుతుందని ఆయన నమ్మకం.

దీనివల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో చూడండి. పూర్వం ఆ షాపు ముందు రోజూ రభసే. "శుక్రవారం ఇస్తానన్నావు, ఏదయ్యా?" అని జనం మీద పడేవారు. ఇప్పుడో? ఎప్పుడు రమ్మంటారని అడిగితే మాస్టారు కత్తెర పక్కన పెట్టి, కళ్ళు సగం మూసి, "ఇల్ వెంతి మార్త్సో" అంటాడు. అడిగినవాడు పాట విన్నట్టు తలూపుకుంటూ ఇంటికి పోతాడు. అది ఏ నెలో, ఎన్నో తారీఖో పోల్చుకునేలోపు అదీ దాటిపోతుంది. తెలియని గడువు తప్పిందని ఎవడైనా పోట్లాడగలడా?

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మెకానిక్కూ, వీధి తవ్వేసి మళ్ళీ కనబడని కాంట్రాక్టరూ ఇంకా "రెండ్రోజుల్లో అయిపోద్ది సార్" దగ్గరే ఉన్నారు. ఎంత మోటు! అదే మాట ఇటాలియన్‌లో చెబితే నేను నాలుగంతస్తులు కూనిరాగం తీస్తూ ఎక్కనూ?

పైగా మాస్టారు విద్యను దాచుకునే రకం కాదు. "ఒకటో తారీఖుకి మాత్రం వాళ్ళు ప్రీమో అంటారు సార్. మిగతావన్నీ వట్టి అంకెలే" అని నాకు ఊరికే పాఠం చెప్పాడు.

అవును, నాకూ పన్నెండు నెలలూ కంఠతా వచ్చాయి. ఏ యాప్‌లో నేర్చుకున్నావని అడుగుతారేమో. యాప్ లేదు, ఫీజు లేదు. కోటుకు గుడ్డ ఇచ్చాను, అంతే.

ముదురు నీలం గుడ్డ. మా ఆవిడ నాలుగు షాపులు తిరిగి ఎంచింది. నా పెళ్ళికి మా అన్నయ్య కోటు అడిగి వేసుకున్నాను. రిటైరయ్యే రోజున ఒక్కసారైనా సొంత కోటు తొడుక్కోవాలని నాకు ఆశ. అక్టోబరు ముప్పై ఒకటిన రిటైర్‌మెంటు. అందుకని ఏడాది ముందే, నవంబరులోనే గుడ్డ ఇచ్చాను. మాస్టారు "క్వీందిచీ నొవెంబ్రే" అన్నాడు, అంటే నవంబరు పదిహేను. వెళితే దిచెంబ్రే అన్నాడు. తర్వాత జెన్నాయో, ఫెబ్రాయో... నెలకో పాఠం చొప్పున నా చదువు ఒత్తోబ్రే దాకా సాగింది.

"ఆయన చెప్పేది నేర్చుకురావడం కాదండీ, కోటు తీసుకురండి!" అని మా ఆవిడ మొత్తుకుంది. ఆడవాళ్ళకు భాషాభిమానం తక్కువ అనుకున్నాను.

చివరికి వీడ్కోలు సభలో మా బావమరిది కోటు తొడుక్కుని నిలబడ్డాను. వాడు నాకంటే జానెడు పొడుగు. ముప్పై నాలుగేళ్ళు ముద్ర కొట్టిన చెయ్యి ఆ రోజు తీసిన ఫొటోలో ఎక్కడా కనబడదు. మా ఆవిడ దాన్ని హాల్లో పెడదామంటే వద్దన్నాను.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కోటు పట్టుకుని స్వయంగా ఇంటికొచ్చాడు. "ప్రీమో నొవెంబ్రే సార్!" అన్నాడు, మొహం వెలిగిపోతూ. తొడుక్కున్నాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

మా ఆవిడ భుజాల దగ్గర సర్ది, కాస్త వెనక్కి జరిగి చూసింది.

"ఎంత బాగా కుదిరిందండీ! మరి ఎప్పుడు వేసుకుంటారు?"

పన్నెండు నెలలూ నోటికొచ్చినవాణ్ణి. ఒక్క తారీఖు చెప్పలేకపోయాను.