గోడ దాటే హెల్మెట్

తమ విశ్వవిద్యాలయంలో హెల్మెట్ లేకుండా బండి నడిపే విద్యార్థి ఒక్కడూ లేడని అధికారులు సగర్వంగా ప్రకటించారు. నిజమే. హెల్మెట్ లేనిదే గేటు దాటనివ్వరు, దాటినవాళ్లంతా హెల్మెట్‌తోనే దాటారు. అందరిదీ ఒకే హెల్మెట్టా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం విద్యార్థులకు అలవాటు లేదు.

ఈ మహత్తర పథకానికి రూపకర్త మూడో సంవత్సరం కుర్రాడు. తోటివాళ్లు ముద్దుగా ‘మంత్రి’ అనేవారు. గేటు దాటగానే హెల్మెట్ తీసి ప్రహరీ గోడ మీదుగా బయటికి విసరాలి. బయటున్నవాడు పట్టుకుని, నెత్తిన పెట్టుకుని, బుద్ధిమంతుడిలా లోపలికి రావాలి. పిల్లలంతా ఎర్ర హెల్మెట్లే కొనుక్కున్నారని, ఐకమత్యమంటే ఇదేనని కాపలాదారు మురిసిపోయేవాడు. రోడ్డు భద్రతా సంఘం మంత్రినే కార్యదర్శిగా ఎన్నుకుంది. అంతకంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడు?

హెల్మెట్ తల కోసమని అక్కడ ఎవరికీ తట్టలేదు. అది గేటు కోసం. ఇక ఒకే బండి మీద ముగ్గురెక్కితే పెట్రోలు ఆదా, ఎదురుదారిలో వెళితే సమయం ఆదా. అద్దాలు పీకేస్తే బండికి అందం. వెనకొచ్చేవాణ్ణి చూడాల్సిన ఖర్మ ముందు పోయేవాడికేమిటని వాళ్ల వాదన.

ఆ ఏడే మంత్రి చెల్లెలు అక్కడ చేరింది.

“అన్నయ్యా, నాకూ ఓ హెల్మెట్ కొనిపెట్టవా?”

“దండగెందుకే? గేటు దగ్గర నాది ఇస్తాగా,” అన్నాడు మంత్రి పెద్దమనసుతో.

భద్రతా వారోత్సవాల రోజున ఉపన్యాసం తనదే కాబట్టి మంత్రి తన బండి మీద ముందు వెళ్లాడు, చెల్లెలు తన బండి మీద వెనక బయల్దేరింది. గేటు దాటి, చెల్లెలి కోసం హెల్మెట్‌ను గోడ అవతలికి విసిరాడు. పట్టుకోవడానికి అవతల ఎవరూ లేరు. గేటు ముందరి మలుపులో, ఎదురుదారిలో వస్తున్న బండిని తప్పించబోయి చెల్లెలు పడిపోయింది. ఆ బండి మీది ముగ్గురూ మంత్రి ఉపన్యాసానికి వేళవుతోందని హడావుడిగా వస్తున్నవాళ్లే.

సభ ఆగలేదు. “మన క్రమశిక్షణకు ఈ గేటే నిలువెత్తు సాక్ష్యం!” అని ఉపకులపతి గారు మంత్రికి బదులు మాట్లాడి చప్పట్లు అందుకున్నారు.

సాయంత్రానికి ఆసుపత్రిలో చెల్లెలు కళ్లు తెరిచింది. మంచం పక్కనున్న అన్నను చూసి, “మీరెవరండీ?” అంది. తలకు దెబ్బ కదా, జ్ఞాపకం ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు డాక్టరు. మంత్రి వరండాలోకి వచ్చి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఈలోగా బంధువులు దిగారు. మేనమామ భార్యనూ ఇద్దరు పిల్లల్నీ ఒకే బండి మీద తెచ్చాడు, దారంతా ఫోన్‌లో అందరికీ ధైర్యం చెబుతూనే. ఆ మలుపే మంచిది కాదని బాబాయి తేల్చాడు. ఇంతలో నర్సు మందుల చీటీ ఇచ్చింది. బాబాయి బండి తాళం మంత్రి చేతిలో పెట్టాడు.

“వీధి చివరే షాపు. రయ్యిన పోయి రయ్యిన రా. హెల్మెట్ ఎందుకురా, ఇంత దూరానికి!”

మంత్రి తాళం తిరిగి ఇచ్చేశాడు. “నడిచి వెళ్తాను బాబాయ్.”

బంధువులంతా ముఖముఖాలు చూసుకున్నారు. చెల్లెలు ఆ స్థితిలో ఉంటే షికారుకు పోయినట్టు నడిచి పోతాడా! వీడిది గుండా బండరాయా అని అత్త ముక్కున వేలేసుకుంది. కన్నతల్లి కూడా కాదనలేదు. మనం అక్కడుంటే మనమూ ఆ మాటే అనేవాళ్లం. అనేసి, అప్పటికే ఆలస్యమైందని గబగబా బండెక్కి ఇంటిదారి పట్టేవాళ్లం.