కంటికి ఆనని బంతి

మనిషి ప్రతిభను ఒక్క పద్ధతిలో కొలవడం అనాగరికం. రెండు పద్ధతుల్లో కొలవాలి. అప్పుడే అందరికీ న్యాయం జరుగుతుంది, ముఖ్యంగా ప్రతిభ లేనివాళ్ళకి!

నవ్వకండి. నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఈ కాలమ్ రాసుకునే మనిషిని. ఆటల గురించి నాకేమీ తెలియదు. అందుకే మా కొల్లేటి సీమ బేస్‌బాల్ సంఘం వారు నన్ను కార్యదర్శిని చేశారు.

బేస్‌బాల్ అంటే మరేం లేదు. ఒకరు బంతి విసురుతారు, ఇంకొకరు గుండ్రటి బ్యాటుతో కొట్టి పరుగెడతారు. క్రికెట్ ఉండగా మనకిదెందుకు అంటారా? క్రికెట్‌లో పోటీ ఎక్కువండీ. ఇందులో రాష్ట్ర పోటీలకు వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు వస్తుంది. ఆట మీద ప్రేమ ఊరికే పుట్టదు కదా!

మొన్న ఆదివారం అమ్మాయిల జట్టును ఎంపిక చేశాం. అన్ని పేర్లూ ఖాయమయ్యాయి. పిచర్, అంటే బంతి విసిరే మనిషి చోటు ఒక్కటే మిగిలింది. దానికి ఇద్దరు పోటీ.

ఒకరు కలిదిండి వైపు నుంచి వచ్చిన షారోన్. వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల్లో శాంపిల్ తీయడానికి విసురువల వేస్తాడు. ఆయనతో పాటు ఆ పిల్ల కూడా చిన్నప్పటి నుంచీ వల విసురుతోంది. ఆ చెయ్యి అలా తయారైంది. ఈ చోటు దొరికితే ఇంజనీరింగ్ సీటు, లేకపోతే మళ్ళీ ఆ చెరువు గట్టే.

రెండో అమ్మాయి ఇందుజ. మా ఊరి పిల్లే. చాలా మంచి కుటుంబం.

మా పద్ధతులు రెండు. అంకెలు, కన్ను. అంకెల శాఖ కిరణ్ కుమార్‌ది. ఏ బంతి ఎటు పోయిందో అంతా ల్యాప్‌టాప్‌లో దాచుకునే కుర్ర లెక్చరర్. కంటి శాఖ మా అధ్యక్షులు బాపిరాజు గారిది. ఉండి ఊరి దగ్గర నలభై ఏళ్ళుగా చేపలూ రొయ్యలూ పెంచుతున్నారు. గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూస్తే చాలు, చెరువులో ఎంత సరుకుందో చెప్పేస్తారు. అలాంటి కన్ను ముందు ఆడపిల్లలు ఒక లెక్కా?

ముందు అంకెలు తెరిచాం. వంద బంతులకు షారోన్ ముప్ఫై ఎనిమిది కొట్టిందట, ఇందుజ పదకొండు. బాపిరాజు గారు కళ్ళజోడు సర్దుకుని ఇందుజ పేరు కింద గీత గీశారు.

కిరణ్ కుమార్ తెల్లబోయాడు. ఇందులో తెల్లబోవడానికేముంది? రొయ్యల్లో కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. వంద కౌంటు అంటే పొట్టి రొయ్య, ముప్ఫై కౌంటు అంటే బలిసిన రొయ్య. నలభై ఏళ్ళుగా తక్కువ అంకెకి దండం పెట్టిన మనిషి ఒక్క ఆదివారంలో మారిపోతాడా!

ఇక్కడ ఎక్కువుంటేనే గొప్పని కిరణ్ కుమార్ వినయంగా విన్నవించుకున్నాడు. బాపిరాజు గారు పెద్దమనిషి, వెంటనే ఒప్పుకున్నారు. తరువాతి అంకె విసిరేవాళ్ళు ఎదుటి జట్టుకి ఇచ్చుకున్న పరుగులది. ఆటకి సగటున షారోన్ రెండు ఇచ్చింది, ఇందుజ తొమ్మిది. ఎక్కువుంటేనే గొప్ప అని ఇప్పుడే నేర్చుకున్నారు కనుక, ఇందుజ పేరు కింద రెండో గీత పడింది.

ఇక్కడ మాత్రం తక్కువే గొప్పని కిరణ్ కుమార్ గొణిగేసరికి ఆయనకు విసుగొచ్చింది. "అంకెలకి నిలకడ లేదండీ. కంటితో చూసేద్దాం," అన్నారు.

చూశాం. షారోన్ చెయ్యి తిప్పింది. వెనకున్న రేకు గోడ ధన్‌మంది. బాపిరాజు గారు మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ ధన్‌మంది.

"ఏవండీ, మీకేమన్నా ఆనిందా?" అని నన్నడిగారు.

నిజం చెప్పాను, ఆనలేదన్నాను.

"కంటికి ఆనని బంతికి మార్కులెలా వేస్తామండీ?"

ఇందుజ బంతి అలా కాదు. చేతిలోంచి బయల్దేరడం, గాల్లో కాసేపు విశ్రాంతి తీసుకోవడం, రెండు సార్లు నేల మీద ఆగి సేద తీరడం, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఎంపిక పత్రంలో 'విసురులో పారదర్శకత ఉన్నది' అని రాశాం. ఆ రోజు కమిటీ భోజనంలో కొర్రమీను పులుసు మా ఇంటి నుంచి వెళ్ళిన మాట నిజమే. దానికీ దీనికీ ఏం సంబంధం? ఇందుజ మా అమ్మాయి అయినంత మాత్రాన మేము ఆకలితో ఉండాలా!

అంకెలూ ఇందుజే అన్నాయి, కన్నూ ఇందుజే అంది. ఒకే పద్ధతి ఉంటే ఈ న్యాయం జరిగేదా, మీరే చెప్పండి.

నిన్న పొద్దున్న షారోన్ బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. గొడవకి వచ్చిందనుకుని నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. గొడవకి కాదు. తన గ్లవ్ మా అమ్మాయికివ్వడానికి వచ్చింది. మన జట్టు గెలవాలి కదా అంటూ పెరట్లో రెండు గంటలు బంతి పట్టుకోవడం, కొట్టడం నేర్పింది. నేను కిటికీలోంచి చూశాను, లెక్కపెట్టాను కూడా. షారోన్ అరవై బంతులు వేసింది. మా అమ్మాయి ఒక్కటి కొట్టింది, అదీ షారోన్ కావాలని నెమ్మదిగా వేసినది. అంకెలూ కన్నూ ఒకే మాట చెప్పడం నేను చూసింది అప్పుడే. నాకు సిగ్గేసింది.

ఆ పిల్ల వెళ్ళాక ఇందుజ నా ఎదురుగా కూర్చుంది.

"నా పేరు తీసేసి షారోన్ పేరు రాయండి నాన్నగారూ. తనకి సీటు కావాలి, నాకెలాగూ మీరు కొనిపెడతారు."

చిన్నపిల్ల, పద్ధతుల గౌరవం దానికేం తెలుసు? రెండు పరీక్షల్లో తేలిన ఫలితాన్ని ఒక తండ్రి సొంత కూతురి మాట విని మార్చేస్తే పక్షపాతం అనరూ?

ఈ రోజు సాయంత్రం ఐదు గంటలకి జాబితా వెళ్ళిపోతుంది. పేరు మార్చడానికి నా సంతకం ఒక్కటి చాలు. ఇప్పుడు నాలుగున్నర అయింది. పెన్ను నా చేతిలోనే ఉంది, దాంతో ఈ కాలమ్ రాస్తున్నాను.