రోటీల సంఖ్య తప్పనిసరి

మనిషి తినే తిండిని రోటీల్లోనే కొలవాలని, రోటీ కానిది తిండి కిందికి రాదని ఢిల్లీలో ఎప్పుడో తీర్మానం జరిగిపోయింది. (తీర్మానం కాపీ ఎవరి దగ్గరా లేదు. అందుకే రద్దు చేయడం కుదరడం లేదు.)

ఈ తీర్మానాన్ని సాకేత్‌లోని అల్ప గ్లైసీమిక్ ఆహార సలహా కేంద్రం భక్తిగా అమలు చేస్తుంది. రక్తంలోకి చక్కెరను నెమ్మదిగా వదిలే తిండిని ఎంచి పెట్టడం ఆ కేంద్రం పని. అక్కడ అన్నిటికన్నా నెమ్మదిగా కదిలేది క్యూ కాబట్టి, ఆశయం సగం నెరవేరినట్టే.

మయూర్ విహార్ నుంచి మెట్రోలో వచ్చిన సెక్షన్ ఆఫీసర్ వీరరాఘవులు గారిది ఒకటే ప్రశ్న: పూటకు ఎంత అన్నం తినొచ్చు? మూణ్ణెల్ల సగటు షుగర్ ఎనిమిది దాటింది. ఇంకా పెరిగితే ఇన్సులిన్ సూదేనని డాక్టరు చెప్పాడు. సూదంటే ఆయనకు ఆఫీసుకు వచ్చే పార్లమెంటు ప్రశ్న కన్నా భయం.

కేంద్రం యాప్‌లో మొదటి గడి: "రోజుకు ఎన్ని రోటీలు?" ఆయన నిజాయితీగా సున్నా కొట్టారు. యాప్ ఎర్రబడింది. "మీరు ఉపవాసంలో ఉన్నారు. వెంటనే రెండు చెంచాల గ్లూకోజ్ తీసుకోండి."

కౌంటర్లో డైటీషియన్ నేహా కూర్చుంది. ఢిల్లీలో పుట్టిన తెలుగమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది.

"అంకుల్, కిత్నీ రోటీ?"

"రోటీలు తిననమ్మా. రెండు పూటలా అన్నమే. ఎంత తినమంటే అంతే తింటా, ఒక్క మెతుకు ఎక్కువ ముట్టను. కొలత చెప్పు తల్లీ."

"అచ్ఛా, చావల్! వో తో సైడ్ డిష్ హై, అంకుల్." అన్నం ఆమె లెక్కలో రోటీ పక్కన నంజుకునేది.

భార్య నాగమల్లేశ్వరి గారు మోచేత్తో పొడిచారు. "ఏదో ఒక అంకె చెప్పండి. వెనకాల లైనంతా మనల్నే చూస్తోంది."

అన్నాన్ని రోటీల్లోకి మార్చడానికి తుల్యతాధికారి ఉమాశంకర్ గారు వేరే గదిలో ఉన్నారు. ఆయన ఏడో నిబంధన చదివి వినిపించారు: గుండ్రంగా లేనిదాన్ని లెక్కించరాదు.

"ఇడ్లీ గుండ్రంగానే ఉంటుంది కదండీ?" అన్నారు నాగమల్లేశ్వరి గారు.

"ఉంటుంది మేడం. కానీ అది నాస్తా. నాస్తా సెక్షన్ గ్రేటర్ నోయిడాకి మారింది."

చివరికి చీటీ వచ్చింది: పగలు నాలుగు రోటీలు, రాత్రి రెండు. సైడ్ డిష్‌కు పరిమితి లేదు.

వీరరాఘవులు గారు ముప్పయ్యేళ్లుగా సర్క్యులర్లు పాటిస్తున్న మనిషి. ఆరోజు నుంచి రోటీలు మందులా మింగేవారు. తర్వాత పళ్లెం నిండా సైడ్ డిష్ పెట్టించుకుని, పప్పుతో కొంత, పెరుగుతో కొంత కలుపుకుని భోంచేసేవారు.

"రెండూ తింటే ఎట్లాగండీ?"

"రాసిచ్చారు కదే!"

మూడు నెలలకు షుగర్ తొమ్మిదిన్నర. నేహా రికార్డు చూసి మురిసిపోయింది. "రోటీ మే ఆప్ హండ్రెడ్ పర్సెంట్, అంకుల్. గడ్‌బడ్ ఖూన్ మే హై." (తప్పు రక్తానిదేనని ఫైల్లో కూడా రాశారు. రక్తం ఇంతవరకు సంజాయిషీ ఇవ్వలేదు.)

ఇన్సులిన్ మొదలైన రోజున కేంద్రం నుంచి సందేశం వచ్చింది: "మీ ప్రశ్న పరిష్కారమైంది. మీ సంతృప్తిని రోటీల్లో తెలపండి."

ఆయన సున్నా కొట్టారు.

యాప్ ఎర్రబడింది. ఉపవాసంలో ఉన్నారని, వెంటనే రెండు చెంచాల గ్లూకోజ్ తీసుకోమని చెప్పింది. రోటీలు పోను, ఏది ఎంత తినాలో ఆ కేంద్రం ఆయనకు కొలిచి చెప్పింది అదొక్కటే.