పంపులో గాలి

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు స్విమ్మింగ్ పూల్ పంపు ఆగింది. ఆపినవాడు మూడో అంతస్తు భర్త.

ఆ అపార్ట్‌మెంట్లలో పూల్ పని వంతుల మీద నడుస్తుంది. వంతు వచ్చిన ఇంటివాళ్ళు పంపు ఆపి, మూత తీసి, లోపలి బుట్టలో చిక్కిన చెత్త పారబోసి, మళ్ళీ పంపు వేయాలి. ఆ వారం వంతు అతనిది. బుట్టలో ఆకులు, రెండు జుట్టు పిన్నులు, ఎవరి మోకాలి మీదదో ఒక బ్యాండేజీ దొరికాయి. కడిగి, బుట్టను దాని చోట పెట్టాడు. ఇక మిగిలింది బుట్ట కూర్చునే గిన్నె నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, స్విచ్చి వేయడం. గిన్నె ఖాళీగా ఉంటే పంపు గాలిని తిప్పుతుందే తప్ప నీటిని లాగదు. పని మొత్తం రెండు నిమిషాలది.

అతను నీళ్ళు పోయలేదు. మూత పైన ఊరికే పెట్టి, ప్లాస్టిక్ కుర్చీ గోడవారగా లాక్కుని, కళ్ళు మూసుకున్నాడు.

కారణం ఉంది. వారంలో ఆరు రోజులు అతని ఉద్యోగం కొరియర్ ఆఫీసులో ఫోనెత్తి, చేరని పార్సిళ్ళ గురించి తిట్లు తినడం. ఏడో రోజు పొద్దున్నే బావమరిది దిగాడు. బావమరిదిని ఇంట్లో అందరూ మైకు అంటారు. ఎదురుగానే అంటారు, అతను మాట్లాడుతూ ఉంటాడు గనక వినపడదు. మైకు ఇల్లు కట్టబోతున్నాడు. ప్లాను చుట్ట చంకలో పెట్టుకొచ్చాడు. టిఫిను నుంచి భోజనం దాకా పునాది చెప్పాడు.

"గదులకి భోజనాలయ్యాక వద్దాం బావా" అన్నాడు.

భర్తకు ఒక్క గంట నిశ్శబ్దం కావాలి. చెయ్యి కడుక్కుంటూనే భార్యతో అన్నాడు.

"పంపు సంగతి చూసొస్తా. గంట పట్టొచ్చు."

"బుట్ట కడగడానికి గంటా?"

"బుట్ట కాదు. లోపల గాలి చేరుతుంది. అది పోవాలి. తొందరపెట్టకూడదు."

"గాలి పోవడానికి మీరెందుకు? దానికి దారి తెలీదా?"

"దగ్గర ఒక మనిషి ఉండాలి."

గిన్నెలు సర్దుతున్న భార్య అతని మొహంలోకి చూసింది. "సరే, ఉండండి" అంది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు అతనికి అనుమానం రావలసింది. నిద్ర ముంచుకొస్తున్నవాడికి అనుమానం రాదు.

రెండుంపావుకు పంపు గది తలుపు తోసుకుని మైకు వచ్చాడు.

"అక్క చెప్పింది బావా, నువ్వొక్కడివే అవస్థ పడుతున్నావట."

"అవస్థేం లేదు. గాలి పోతోంది."

"ఎటు?"

"బయటికి."

"చప్పుడు లేదే?"

"మంచి గాలి చప్పుడు చేయదు. నువ్వూ చేయకు."

"అసలు నా ఇంట్లో మోటారు గది ఎక్కడొస్తుందంటే... ఉండు, ముందు నీ పని కానిద్దాం. ఇది పట్టుకో." ప్లాను చుట్ట బావ చేతిలో పెట్టి, మైకు స్విచ్చి వేశాడు.

ఖాళీ పంపు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు అరిచింది. ఆ అరుపుకి పూల్ గట్టున కూర్చున్న పిల్లలు, నడుములకు గాలి ట్యూబులతోనే, తలుపు దగ్గర గుమిగూడారు. వాళ్ళ వెనక అపార్ట్‌మెంట్ సెక్రటరీ.

"ఏమైందండీ? పంపు ఆగితే పిల్లల్ని నీళ్ళలోకి దించకూడదు. పాపం కాచుకుని కూర్చున్నారు."

"గాలి పోవాలండీ" అన్నాడు భర్త.

"పోయిన వారం వంతు మాది. మా ఆవిడ సీరియల్లో బ్రేకు వచ్చినప్పుడు దిగి, బ్రేకు అయ్యేలోపు పైకి వచ్చేసింది."

"అది వేరే గాలి."

పిల్లల్ని తప్పించుకుంటూ భార్య వచ్చింది. చేతిలో బకెట్టు ఉంది.

"ముందు ఆ స్విచ్చి ఆపరా" అంది తమ్ముడితో.

మూత తీసి చూసింది. గిన్నెలో చుక్క నీరు లేదు. కుర్చీ వంక చూసింది. భర్త వంక చూసింది. బకెట్టు పూల్‌లో ముంచి తెచ్చి గిన్నె నిండా పోసింది. మూత చుట్టూ ఉండే రబ్బరు సర్ది, బిగించి, స్విచ్చి వేసింది. గాజు మూత కింద నురగ తిరిగింది. తర్వాత నీళ్ళు నిండాయి. పక్కనున్న ఫిల్టరు నెత్తిన గాలి పోయే చిన్న మర తెరిచి ఉంది. దాన్లోంచి బుస్సుమని గాలి పోయింది. గాలి వెనకే నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళకు ఎదురుగా ప్లాను పట్టుకుని భర్త ఉన్నాడు.

భార్య మర కట్టేసేసరికి అతను తల నుంచి చెప్పుల దాకా తడిశాడు, ప్లానులోని ఇల్లు పునాది నుంచి కప్పు దాకా తడిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఫర్వాలేదు బావా, ఇంకో కాపీ పైన సంచిలో ఉంది" అన్నాడు మైకు.

"నిమిషంలో చేసేశారమ్మా!" అన్నాడు సెక్రటరీ.

"చేశాం కదా అని వదిలేయకూడదండీ" అంది భార్య. "గాలి మళ్ళీ దూరుతుందట. దగ్గర ఒక మనిషి ఉండాలట. ఈయనే చెప్పారు."

అందరూ భర్త వైపు చూశారు. కాదంటే, ఇంతసేపూ లోపలేం చేశావని అడుగుతారు. ముక్కు చివర నీటిబొట్టు తుడుచుకున్నాడు.

"అవునండీ. ఉండాలి" అన్నాడు.

"మీరు తడిశారు. పైకెళ్ళి బట్టలు మార్చుకోండి. తమ్ముడు తోడొస్తాడు. ఇక్కడ నేనుంటాను" అంది భార్య.

పిల్లలు నీళ్ళలోకి దూకారు. సెక్రటరీ వెళ్ళిపోయాడు. మైకు మెట్ల దగ్గర ఆగి పిలుస్తున్నాడు. భర్త గొంతు తగ్గించాడు.

"ఏమోయ్, అరగంట నువ్వు కూర్చో. తర్వాత నేనొస్తా. ఎంతైనా వాడు నీ తమ్ముడు."

"అందుకేనండీ. మీరు పెళ్ళయిన దగ్గర్నుంచి వింటున్నారు. నేను వాడికి మాటలొచ్చిన దగ్గర్నుంచి వింటున్నాను."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

అయిదున్నరకు పిల్లలు ఇంకా నీళ్ళలోనే ఉన్నారు. పంపు నడుస్తోంది. పంపు గది తలుపు తెరుచుకోలేదు. మూడో అంతస్తులో, మైకు తన ప్లానులో వంటింటి గట్టు దాకా వచ్చాడు. పై అంతస్తు మొత్తం మిగిలి ఉంది.